వాపసు బల్ల

ఇష్టపడి కొనుక్కున్న బట్టల సంగతి దర్జీని అడగాలి. అక్కర్లేదని తిప్పి పంపిన బట్టల సంగతి మాత్రం ముక్కక్కని అడగాలి. ఆ గోడౌనులో ఆవిడ పని వాసన చూడటం. నవ్వకండి, అదీ ఉద్యోగమే. ఫోనులో చూసి తెప్పించుకున్న చొక్కాలూ గౌన్లూ నచ్చలేదనో, బిగుతయ్యాయనో, బొమ్మలో కనిపించిన రంగు కాదనో జనం తిప్పి పంపుతారు. అవన్నీ లారీల్లో వచ్చి ఆ రేకుల షెడ్డులో గుట్టలుగా పడతాయి. ముక్కక్క కవరు చింపి, బట్టని తిరగేసి, చంకల దగ్గరా మెడ దగ్గరా ముక్కు పెట్టి చూస్తుంది. ఏ వాసనా లేకపోతే మంచి తొట్టిలో వేస్తుంది. అది ఆవిరి పట్టించుకుని, కొత్త కవరు తొడుక్కుని మళ్ళీ అమ్మకానికి పోతుంది. వాసనుంటే కోత తొట్టి. ఉతికిస్తే గిట్టుబాటు కాదు, ఊరికే పంచిపెడితే కొనేవాళ్ళు తగ్గుతారు. అందుకని కత్తెర బల్ల దగ్గర ఆడవాళ్ళు దాన్ని మెడ నుంచి అంచు దాకా ఏటవాలుగా కోసి పారేస్తారు, చెత్తలోంచి ఏరుకుని కూడా ఎవరూ తొడుక్కోకుండా.

ఇంతకంటే ఘోరం ఇంకోటుంది. మరీ చవక సరుకైతే వాసన కూడా చూడరు. చూసే మనిషి కూలి ఆ బట్ట ఖరీదు కంటే ఎక్కువట! కొత్తదైనా సరే, మడత కూడా నలగకపోయినా సరే, సరాసరి కోతకే. ఎవరు కుట్టారో, ఎక్కడ కూర్చుని కుట్టారో, వాళ్ళ నడుం ఏమైందో అడిగే నాథుడు లేడు.

మొదట్లో ముక్కక్క తిట్టేది. "ఒంటికి తగిలించుకుని ఊరంతా ఊరేగి, సరిపోలేదని రాస్తారా! సిగ్గూ శరం ఉండక్కర్లా?" అని సెంటు కొట్టే గౌన్లనీ, సిగరెట్టు కంపు కొట్టే కోట్లనీ పట్టుకుని దులిపేసేది. ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు. లోకంలో జనం చెమటంతా తన ముక్కులోంచే పోతోందనుకుని, నోరు మూసుకుని పని చేసుకుపోతోంది. ఇంటికెళితే ఏదీ తినబుద్ధి కాదు.

వాసన చూస్తానని ఇంట్లో మాత్రం చెప్పలేదు. "బట్టలు మడతపెడతానే" అని కూతురితో అంది. ముక్కక్క అనే పేరొకటి తనకుందని కూడా ఆ పిల్లకి తెలియదు. తండ్రి పోయాక కష్టపడి చదివించిన పిల్ల, అద్దాల మేడలో ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం ఈమధ్యే దొరికింది. మా అమ్మ పరాయివాళ్ళ చంకలు వాసన చూస్తుందని నలుగురిలో చెప్పుకుంటుందా ఏమిటి!

ఆ షెడ్డులో ఒక్క కట్టుబాటు గట్టిగా ఉంది. వాసన బల్ల వాళ్ళు సెంటు కొట్టుకోకూడదు, తలకి నూనె రాసుకోకూడదు, నొప్పులకి మందు పూసుకుని రాకూడదు. ముక్కు చెడుతుందని ఒకటి, చేతి వాసన బట్టకి అంటుతుందని ఇంకొకటి. ముక్కక్కకేమో భుజాలు పీకేస్తుంటాయి. అత్తగారు నేర్పిన మందొకటి కర్పూరం, లవంగ నూనె, ఏదో ఆకు పసరు కలిపి తనే కాచుకుంటుంది. అలాంటి వాసన బజారులో ఏ సీసాలోనూ దొరకదు. సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా తల్లి వెనక కూర్చుని ఆ మందు భుజాలకి పట్టిస్తుంది. పొద్దున్నే ముక్కక్క వాసన వదిలేదాకా సబ్బుతో తోముకుని పనికి పోతుంది. అంత జాగ్రత్త ఎందుకంటే, వచ్చే నెలలో వాసన బల్ల వాళ్ళని పర్మనెంటు చేస్తారని మాట వచ్చింది. కత్తెర బల్ల వాళ్ళది ఏ రోజు కూలి ఆ రోజుకే. ఆ పర్మనెంటు కోసం ముక్కక్క ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆవిడ ముక్కుకే తెలుసు.

ఆ రోజు పక్క బల్ల దగ్గర రేడియో ఎప్పటిలాగే మోగుతోంది. రేడియో అంటే మనిషే. నోట్లో నువ్వుగింజ నానని రకం, తోడికోడలి గొడవ మొదలుపెట్టి ఎక్కడెక్కడో తిరుగుతోంది. ముక్కక్క ఊ కొడుతూ ఒక కవరు చింపింది. ఆకుపచ్చ చొక్కా, ఆడపిల్లలది, తెల్ల కాలరు. ట్యాగు ఉంది. తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

కర్పూరం. లవంగం. వెనకే ఆ పసరు.

మళ్ళీ చూసింది. చేతుల అంచుల దగ్గర ఇంకా ఘాటుగా ఉంది. మొన్న కూతురు ఇదే చొక్కాతో ఆఫీసుకెళ్ళింది. "ఎప్పుడు కొన్నావే?" అంటే "ఫ్రెండుదమ్మా, ఒక్క రోజుకి ఇచ్చింది" అంది. ఆ సాయంత్రం ఆ చేతులతోనే మందు పూసింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే వెళ్ళి కుడితిలో పడిందంటారే, అచ్చం అలా అయింది.

"ఏంటక్కా, ఆ చొక్కాని ముద్దెట్టుకుంటున్నావా?" అంది రేడియో.

"నీ తోడికోడలి సంగతి చెప్పు" అంది ముక్కక్క.

ఇప్పుడేం చెయ్యాలి? కోత తొట్టిలో వేస్తే వాడిన బట్ట అని రాయాలి. రాస్తే పై ఆఫీసు వాళ్ళు ఎవరింటి నుంచి వచ్చిందో తీస్తారు. పనివాళ్ళ ఇంటిదని తేలిందా, ఇక అంతే సంగతులు. పోయినేడు ఒకాయన కొడుకు బూట్లు నాలుగు రోజులు తొడుక్కుని తిప్పి పంపితే, పాపం ఆయన్ని భోజనానికి కూడా ఆగనివ్వకుండా గేటు దాటించారు. పోనీ మంచి తొట్టిలో వేద్దామా? రేపు ఏ ఆడపిల్లో కొత్తదనుకుని డబ్బు పోసి కొనుక్కుని, తన అత్తగారి మందు వాసన తొడుక్కుంటుంది. ఇన్నేళ్ళలో అలాంటి పని ముక్కక్క ఎప్పుడూ చెయ్యలేదు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది!

మంచి తొట్టిలో వేసింది.

సూపర్‌వైజరు మధ్యమధ్యలో వచ్చి మంచి తొట్టిలోంచి ఏదో ఒకటి తీసి వాసన చూస్తుంటాడు. వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాడు. ఆరోజు ఆయన చెయ్యి తిన్నగా ఆకుపచ్చ చొక్కా మీదే పడింది. పైనే ఉంది మరి, అంత భయంలో దాన్ని అడుక్కి తోయాలని కూడా ముక్కక్కకి తోచలేదు.

"ఏంటక్కా ఇది? మందు వాసన గుప్పుమంటోంది. ఇది నీ ముక్కుకి తగల్లేదా?"

రేడియో ఆగిపోయింది. అది ఆగగా చూడటం ఆ షెడ్డులో ఎవరికైనా అదే మొదలు.

"నా చేతిదే బాబూ" అంది ముక్కక్క. "పొద్దున నొప్పి తట్టుకోలేక పూసుకొచ్చేశాను. అదే అంటినట్టుంది."

"ఎంత పని చేశావక్కా! నీకు తెలీని రూలా? పై నెలలో నీ పేరు పంపుతున్నాను కదా, ఇప్పుడు నేనేం రాసేది?"

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు, తలపట్టుకున్నాడు. చివరికి "ప్రస్తుతానికి కత్తెర బల్లకి వెళ్ళక్కా, పర్మనెంటు సంగతి మళ్ళీ చూద్దాంలే" అన్నాడు. మళ్ళీ చూద్దాం అంటే అర్థం ఏమిటో అక్కడ చెత్త ఊడ్చే ఆవిడకి కూడా తెలుసు. ఆ చొక్కాని కూడా ముక్కక్క చేతిలోనే పెట్టాడు, వెళుతూ వెళుతూ కోసెయ్యమని.

కత్తెర బల్ల మీద దాన్ని పరిచింది. గుండీల కాజాలు ఒక్క పోగు లేవకుండా ఎంత శ్రద్ధగా కుట్టారో! ఆ కుట్టిన తల్లి ఎవరో, ఆవిడకీ భుజాలు పీకుతుంటాయి. పిల్ల దీన్ని ఒక్క రోజు తొడుక్కుంది. ఒక్క రోజే. ముక్కక్క మెడ దగ్గర కత్తెర ఆనించి అంచు దాకా కోసేసింది. తర్వాత వచ్చినవన్నీ చవక సరుకు, ఎవరూ తొడగనివి. ఇంటికెళ్ళే వేళకి కుడి మణికట్టు వాచింది.

సాయంత్రం కూతురు మందు సీసా తీసుకుని వెనక్కొచ్చి కూర్చోబోతే ముక్కక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆకుపచ్చ చొక్కా మీ ఫ్రెండుకి ఇచ్చేశావా?"

"ఆఁ, ఇచ్చేశానమ్మా."

"నా బల్ల మీదికొచ్చిందే అది."

పిల్ల మొహం పాలిపోయింది. ముక్కక్క ఏదీ దాచలేదు. మడతపెట్టడం కాదు, వాసన చూడటం తన పని అని చెప్పింది. ఎక్కడెక్కడ చూస్తుందో చెప్పింది. సూపర్‌వైజరుతో ఏం అబద్ధమాడిందో, ఏ బల్లకి పోయిందో చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు, ఆ సత్తువ ఎక్కడిది!

"ట్యాగు కాలర్లోకి దోపుకుని వేసుకున్నానమ్మా" అంది కూతురు. "మరక కూడా పడనివ్వలేదు. తిరిగిచ్చేశాక ఇంకొకళ్ళు కొనుక్కుంటారు కదా, నష్టం ఎవరికి అనుకున్నా. ఎలాగూ వాపసే కదా అని కాస్త ఖరీదైనవే తెప్పించేదాన్ని."

"తెప్పించేదానివా! ఎన్ని తెప్పించావే?"

కూతురు తల వంచుకుంది. "నీకేం తెలుసమ్మా అక్కడి సంగతి? చేరిన కొత్తలో మా పక్క సీటమ్మాయి అందరి ముందూ అంది, ఈ డ్రెస్సు నిన్నగాక మొన్నే చూసినట్టున్నామే అని. అందరూ నవ్వారు. ఆ రోజు బాత్రూములో నిలబడి ఏడ్చాను. నాకున్నవే అన్ని. నువ్వు కొనివ్వగలవా?"

ముక్కక్కకి పిల్లని రెండు చెంపలూ వాయించాలనీ ఉంది, ఒళ్ళోకి లాక్కోవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు.

"ఎవరూ తొడుక్కోరే" అంది చివరికి. "నువ్వు తిప్పి పంపింది ఎవరూ తొడుక్కోరు. నేను కోసేశాను. మంచి చొక్కా అది."

పిల్ల తల్లి వాచిన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. "ఇంక తెప్పించనమ్మా, ఒట్టు" అంది. ముక్కక్క నమ్మింది. కన్నకూతురిని నమ్మక ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున కూతురు పాత పూల గౌను ఇస్త్రీ చేసుకుంది. అప్పట్లో ఫోనులోనే చవగ్గా కొన్నది, ఎన్నిసార్లు ఉతికారో. దాన్ని వేసుకుని, ఉరికంబం ఎక్కబోతున్నదానిలా గుమ్మం దాటింది. ముక్కక్కకి కత్తెర బల్ల దగ్గర రోజంతా అదే బెంగ. ఎవరేమన్నారో, మళ్ళీ నవ్వారో ఏమో, మాటపడి ఉద్యోగం మానేసి వస్తుందేమో! తన పర్మనెంటు ఎలాగూ పోయింది, పిల్ల కూడా ఇంట్లో కూర్చుంటే గడిచేదెలా? కోత మధ్యలో రెండుసార్లు వేలికి కత్తెర తగిలించుకుంది.

ఇంటికొచ్చేసరికి కూతురు ముందే వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. అలాగని సంతోషంగానూ లేదు.

"ఏమన్నారే?" అంది ముక్కక్క చెప్పులు కూడా విడవకుండా.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. అసలు ఎవరూ చూడనే లేదు."

"మరి ఆ పక్క సీటమ్మాయి?"

కూతురు నవ్వబోయింది, రాలేదు. "అదొక్కతే చూసింది. కొత్తదా, ఎంత బాగుందో అంది. ఎక్కడ కొన్నావు, లింకు పంపు అంది. ఇదే గౌనమ్మా! ఆ రోజు అందరిలో నన్ను నవ్వులపాలు చేసింది ఈ గౌను చూసే. దానికి గుర్తే లేదు."

ముక్కక్క గోడకి ఆనుకుని కూలబడింది. ఎవరికీ గుర్తులేని ఒక్క మాట కోసం ఇంత జరిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకి.

"పంపావా?"

"ఊఁ." కూతురు తల్లి మొహంలోకి చూడలేదు. "ఆ కాస్త మెచ్చుకునేసరికి ఒళ్ళు తెలీలేదమ్మా, పంపేశా. నా ఎదురుగానే ఆర్డరు పెట్టేసింది. సైజు తెలీదని మూడు సైజులూ పెట్టింది. సరిపోయింది ఉంచుకుంటుందట."

ముక్కక్క వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే రెండు నా దగ్గరికొస్తాయి" అంది.