ద్రాక్ష గింజల అక్క

"సీసాల మీద ఎర్రదుమ్ము కనపడితే ఎవురు కొంటారే? బాగా తుడువు," అని చెప్పి శివరాజ్ స్నానానికి పోయాడు. ఇనుప గనుల పక్కన కూరెకుప్పలో ఇల్లు కట్టుకుని గని దుమ్ము వద్దంటే ఆగుతుందా? నేత్ర చంటిబిడ్డను చంకనేసుకుని అలమరలోని సీసాలు ఒక్కొక్కటే తీసి తుడిచింది. అన్నిటి మీదా నల్లద్రాక్ష గుత్తి బొమ్మ. లోపల ద్రాక్ష గింజల సారంతో చేసిన మాత్రలు. ఒంట్లోని విషమంతా లాగేస్తాయని, ఎట్లాంటి గడ్డనైనా కరిగిస్తాయని చెప్పి ఆమె మొగుడు శివరాజ్ ఊరూరా అమ్ముతాడు.

అలమర తలుపు మీద మహాదేవి ఫోటో. శివరాజ్ అన్న పెళ్లాం, నేత్రకు తోడికోడలు. ఎడమ పక్క వాడిపోయిన మొహం, కుడి పక్క నిండు నవ్వు. మాత్రలు వాడకముందు, వాడిన తర్వాత. నిజానికి రెండూ ఒక్క పూటలో తీసినవే. ఒకదానికి జుట్టు చెదరగొట్టి కిటికీ మూశారు, ఇంకోదానికి పౌడరు రాసి పూలు పెట్టారు. అప్పటికే ఆమె రొమ్ములో గడ్డ ఉంది. "కోయించుకుంటే ఇంక ఆడదెట్లయితుంది?" అంది అత్త రామలక్ష్మమ్మ. "నువ్వే ఆస్పత్రికి పోతే నా దగ్గర కొనేదెవురు వదినా?" అన్నాడు శివరాజ్. గడ్డ పగిలాక ఆ వాసన బయటికి రాకుండా ఊదొత్తులు వెలిగించుకుని, వెనక గదిలోనే ప్రాణం వదిలింది మహాదేవి. మనిషి పోయింది గానీ నవ్వు పోలేదు. ఫోన్లలో తిరుగుతూనే ఉంది. "ఆ ద్రాక్ష గింజల అక్క మింగినవే ఇయ్యప్పా," అని ఇప్పటికీ ఎక్కడెక్కడినుంచో వస్తారు.

ఆ తలుపుకు వీపు పెట్టి కూర్చోవాలంటే నేత్రకు భయం. బిడ్డకు పాలిస్తుంటే భుజం మీదుగా ఎవరో వంగి, చూసుకున్నావా, చూసుకున్నావా అని అడుగుతున్నట్టుంటుంది. చూసుకుంది. ఎడమ రొమ్ములో, చంక దగ్గర, చింతగింజంత. పాలగడ్డయితే బిడ్డ తాగాక మెత్తబడాలి కదా, ఇది మెత్తబడలేదు. చెబితే శివరాజ్ నవ్వాడు. "తొమ్మిదో తరగతికే బడి మానినదానివి, డాక్టరమ్మవైనావా? రోజూ రెండు మింగు. తగ్గినాక నీ ఫోటో తీస్తా, వదినది పాతదైపాయ." మింగుతూనే ఉంది. గింజ తగ్గలేదు. తానూ పోతే, రేపు ఈ పిల్లకు అమ్మంటే ఎవరో తీసిన ఒక నవ్వేనా?

ఆ పూటే మోక అనే ఊరి నుంచి హొన్నూరమ్మ అనే పెద్దావిడ వచ్చింది. "నా కూతురికి రొమ్ములో గడ్డప్పా. ఆపరేషన్ అంటాండారు, భయమైతాంది. మీ ద్రాక్ష గింజల అక్కని ఒక్కతూరి చూస్తే ధైర్యం. యాడుంది?"

"మా వదినా? పుట్టింటికి పోయిందమ్మా. గుండ్రాయి మాదిరి ఉండాది."

"ఫోన్ చేసియ్యి, ఒక మాట మాట్లాడతా."

"ఆ ఊర్లో సిగ్నల్ ఉండదు."

"సిగ్నల్ లేని ఊరి పిల్లని తెచ్చుకుంటిరా! పేరు చెప్పప్పా, బస్సెక్కి నేనే పోతా."

శివరాజ్ పెళ్లాం వైపు కళ్లెర్రజేశాడు. "ఏమే, నువ్వు చెప్పు. అక్క ఎట్లుండాది?"

నేత్ర కుడి చంకలో బిడ్డతో, చేతిలో పెద్దావిడకు తెచ్చిన టీ గ్లాసుతో నిలబడి ఉంది. బాగుందంటే చాలు, ఈమె సీసాలు తీసుకుని పోతుంది. మోకలో ఒక ఆడపిల్ల మింగడం మొదలుపెడుతుంది.

"అక్క సచ్చిపాయమ్మా. ఆ గడ్డతోనే. ఈ మాత్రలు మింగుతా మింగుతానే."

"బాలింత కదమ్మా, తల తిరిగి ఏందేందో అంటాది," శివరాజ్ గబగబా నవ్వాడు.

నేత్ర గ్లాసు కింద పెట్టింది. హొన్నూరమ్మ చెయ్యి పట్టుకుని కొంగు కిందికి, ఎడమ చంక పక్కకు తీసుకుపోయి ఆనించింది. పెద్దావిడ వేళ్లు ఒకచోట ఆగిపోయాయి. ఆమె మొహంలో రంగు మారింది.

"మీ పాపని బళ్లారి పెద్దాస్పత్రికి పిలుచుకొని పోండమ్మా. నేనూ వస్తా."

"వస్తా ఏంది అమ్మణ్ణీ, ఇప్పుడే పోదాం. చెప్పులేసుకో," అని హొన్నూరమ్మ బిడ్డకోసం చేతులు చాచింది.

శివరాజ్ గడపకడ్డంగా వచ్చాడు. "యాడికే?"

"అక్కని మీరు పోనీయని తావుకి."