పాట పొయ్యే వైరు

విఠల్ దుబాయ్ నుంచి తెచ్చిన సౌండ్ సిస్టం గురించి కోరుట్లల రెండు మాటలు నడుస్తున్నయ్. ఒకటి, అది ఆన్ చేస్తే మెట్‌పల్లిల గిన్నెలు కింద పడతయని. రెండోది, అది ఇంతవరకు సప్పుడే చెయ్యలేదని. రెండోదే నిజం.

ఆడ ఒక షేక్ ఇంట్ల విఠల్ డ్రైవర్ చేసిండు. ఆ షేక్‌కు పాటల పిచ్చి. కొత్త సిస్టం కొనుక్కొని పాతది విఠల్‌కు ఇచ్చిండు. పాతదంటే ఏదో అనుకునేరు, ఒక్కొక్క డబ్బ ఇద్దరు మోస్తె గని లేవది. దానితోని వైర్లు సుత ఇచ్చిండు. జడ అల్లినట్టు అల్లి నిగనిగ మెరుస్తున్నయ్. గింత గట్టి తాళ్ళు మల్ల దొరకయని విఠల్ వాటితోనే డబ్బలకు మూట కట్టి కార్గోల ఏసిండు. ఈడ దిగినంక ముడి రాకపోతే ఎవరో కత్తితోని కోసిండ్రు. మూట మంచిగ ఇడింది.

మిగతా వైర్లకు బదులు ఏవో దొరికినయ్. ఒక్క వైరు కాడ కథ ఆగింది. ఒక డబ్బ సీడీని చదువుతది గని దానికి పాడరాదు. రెండో డబ్బ పాడతది గని దానికి చదువు రాదు. చదివింది చదివినట్టు దీని చెవుల చెప్పేతందుకు నడుమ ఒక వైరు గావాలె. ఎనకకు చూస్తే రెండు కంతలున్నయ్, ఒకటి గుండ్రంగ, ఒకటి చదరంగ. ఏ కంతల ఏ వైరు పెట్టాల్నో షేక్ చెప్పలేదు. విఠల్ అడగలేదు.

ఉత్త పాటలైతే ఆయన అంత పరేషాన్ కాకపోతుండె. పరేషాన్ అంత అవ్వ గురించే. ఆయనను కన్న అవ్వ సత్యవ్వ వాడకట్టుల బతుకమ్మ పాట ఎత్తితే, పక్క వాడోళ్ళు తమ బతుకమ్మలను ఇడిసిపెట్టి ఇటు నడిచొచ్చేటోళ్ళు. మొన్న ఎండకాలం గొంతుల గడ్డ అయితే ఆపరేషన్ చేసిండ్రు. మాట్లాడుమన్నడు డాక్టరు, మాట్లాడితేనే గొంతు సాఫ్ అయితదన్నడు. ఆమె ఒక్కసారి మాట్లాడింది. ఆ సప్పుడు ఇని, ఎవరు మాట్లాడిండ్రని తనే ఎనకకు తిరిగి చూసింది. గప్పటిసంది నోరు తెరవలే. అంత చేతులతోనే. సద్దుల బతుకమ్మ నాడు బయటకు రానని సుత చేతులతోనే చెప్పి, గోడ దిక్కు మళ్ళి పండుకున్నది.

ఎన్కట ఓ సద్దుల నాడు బతుకమ్మ పక్కకు టేప్‌రికార్డర్ పెట్టి ఆమె పాట పట్టిన క్యాసెట్ ఒకటున్నది. విఠల్ దాన్ని సీడీ కొట్టిచ్చిండు. టీవీ కాడి చిన్న ప్లేయర్‌ల పెడితే అవ్వ గొంతు బిందెలకెళ్ళి వచ్చినట్టు వచ్చింది. సత్యవ్వ ఇని, ఇది నేను కాదని చెయ్యి ఊపింది.

“పెద్ద దాంట్ల పెట్టు,” అన్నది విఠల్ భార్య గీత. “తన గొంతు తను గుర్తుపడితే అత్తమ్మ లేచి వస్తది. ఈ యేడు రాకుంటే మల్లేడు సుత రాదు. గట్లనే అలవాటైతది.”

అప్పుడు సకలజనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు డిపోలల్ల పండుకున్నయ్. బడులు బంద్. కరెంట్ దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తున్నది. ముందుగాల విఠల్ ఊర్ల కేబుల్ టీవీ నడిపే నరేశ్‌ను పిలిచిండు. నరేశ్ సన్నటి నల్ల వైరు ఒకటి తెచ్చి చదరం కంతల గుచ్చిండు. రెండో కొసకు ఎర్రగ వెలుగు వచ్చింది.

“పాట వెలుగు లెక్క పోతది విఠలన్నా.”

“మరి సప్పుడు?”

“సప్పుడు ఆడ దిగినంక అయితది.”

“అంటే నడుమల మా అవ్వ గొంతు ఎర్రగుంటదా?”

నరేశ్ ఆ కొసను అరచేతుల పెట్టుకొని చూసిండు. “ఉంటది,” అన్నడు. “రాగి వైరు మాత్రం పెట్టకు. కరెంటు గురగుర అంత అందుల సొచ్చి కూసుంటది.”

ఇంకొకల్లను సుత అడుగుదామని విఠల్ ఆ వైరును సంచిల ఏసుకొని జగిత్యాలకు బండి తీసిండు. అదే ఆయన చేసిన తప్పు. ఒక్కల్ని అడిగితే జవాబు దొరుకుతది, ఇద్దర్ని అడిగితే తలకాయ నొస్తది.

జగిత్యాలల రమణ దుకాణం సగం షట్టర్ కింద నడుస్తున్నది. ఇద్దరు మోకాళ్ళ మీద కూసోని మాట్లాడిండ్రు.

“వెలుగుదా,” అన్నడు రమణ, దాన్ని ఎలుకను పట్టుకున్నట్టు కొసకు పట్టుకొని. “వైరు మూల కాడ మలుగుతది. వెలుగు మలుగుతదా? మలగదు. నీ పాట ఆ మూల కాడనే ఆగుతది. రాగిది తీస్కపో అన్నా. గుండ్రం కంతల పెట్టు. అయినా అందుల పొయ్యేది పాట కాదు, ఒకట్లు సున్నలు.”

“మా అవ్వ పాటల సున్నలెందుకున్నయ్?”

“అందరి పాటలల్ల ఉంటయ్. బాధపడకు.”

వచ్చేటప్పుడు రోడ్డు మీద వంటావార్పు. తారు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి బగోనల కిచిడీ చేస్తున్నరు. తిననోన్ని అవతలికి పోనిస్తలేరు. పొద్దుగాల పోతప్పుడు తిన్నోడే, విఠల్ మల్ల తిన్నడు. గంటె పట్టుకున్న సారు ఒకాయన సంచిల ఏమున్నదని అడిగిండు. విఠల్ అంత చెప్పిండు. ఇనుకుంటనే ఆయన కిచిడీ అడుగు మాడవెట్టిండు.

“రెండింట్ల పొయ్యేది ఒకట్లు సున్నలే అయితే, ఏ వైరైనా ఒకటే కద తమ్మీ,” అన్నడు సారు.

ఇది ఇన్నంక విఠల్‌కు మిగిలిన తెలివి సుత పోయింది. రెండింట్ల ఒకటి మంచిదైతే ఎంచుకోవచ్చు. రెండు ఒకటే అయితే మనిషి ఎట్ల ఎంచుకోవాలె?

ఇంటికొచ్చి రెండు వైర్లు అవ్వ ముంగట పెట్టిండు. సత్యవ్వ వేళ్ళతోని దారం పేనినట్టు చేసి, దక్షిణం దిక్కు చెయ్యి చూపెట్టింది. అంటే సిరిసిల్ల. అంటే ఆమె తమ్ముడు చిన్నయ్య. వాళ్ళింట్ల అదొక రివాజు. పెండ్లి చీరెనుంచి బట్టలారేసే తాడు దాకా, దారం లెక్కున్నది ఏదైనా చిన్నయ్య చూసినంకనే ఇంట్లకు రావాలె.

వేములవాడ మీదికెళ్ళి తిరుగుకుంట సిరిసిల్ల పోయేసరికి చిన్నయ్య బట్ట నేసే సాంచాలు నడుస్తున్నయ్. ఆ మోతల ఇద్దరు మొత్తుకుంటనే మాట్లాడిండ్రు. నడుమల కరెంట్ పోయింది. సాంచాలన్ని ఒక్కపారే ఆగినయ్. విఠల్ మాత్రం ఆగలే. “అవ్వ గొంతు ఎర్రగుంటదంట మామా” అని ఒర్లింది వాడకట్టంత ఇన్నది.

చిన్నయ్య రెండు వైర్లను గుంజి చూసిండు. తొడ మీద పెట్టి దొర్లిచ్చిండు. పంటితోని కొరికిండు. జేబుల నుంచి లైటర్ తీసిండు.

“మామా, అది బట్ట కాదు.”

“బట్టయినంక ఎవడైనా చెప్తడు అల్లుడా. దారం మీదనే చెప్పాలె,” అని నల్ల వైరు కొసకు మంట పెట్టిండు. చిటపట అన్నది. కరిగి చిన్న గుండు కట్టింది. చిన్నయ్య దాన్ని వేళ్ళతోని నలిపి వాసన చూసిండు. “పాలిస్టర్.”

“దాంట్ల వెలుగు పోతది మామా.”

“ఇప్పుడు పోయిందిగ వెలుగు. మా అక్క పాటను పాలిస్టర్ల పంపుతవా నువ్వు? ఏదీ, రెండోది ఇటు ఇయ్యి.” రాగి వైరుకు గోరుతోని పైతోలు జర గీకి, లోపలి రాగికి మంట చూపెట్టిండు. అది కాలలే. “జరీ అసొంటిది. ఇది పెట్టు.”

కాలిన వైరు గురించి నరేశ్‌కు ఏం చెప్పాల్నో తెల్వక విఠల్ తొవ్వ పొడుగూత ఆలోచించిండు. ఒక్కటైతే మేలయింది, ఎంచుకునుడు అయితే అయిపోయింది. గీకిన కాడ టేప్ సుట్టి గుండ్రం కంతల పెట్టిండు. సప్పుడు వచ్చుడు వచ్చింది. గని దాన్ని అవ్వ ముందుగాల సద్దుల నాడే ఇనాలని వెంటనే బంద్ చేసిండు.

సద్దుల నాడు పొద్దుగూకే యాళ్ళకు వాడకట్టు ఆడోళ్ళంత విఠల్ వాకిట్ల బతుకమ్మలు పెట్టిండ్రు. స్పీకర్లు కిటికీ కాడ నిలవెట్టిండ్రు. కరెంటు సుత పండుగ అని ఉన్నది. గీత సత్యవ్వను పట్టుకొచ్చి గడప కాడ కూసోవెట్టింది. విఠల్ బటన్ ఒత్తిండు.

సత్యవ్వ గొంతు వాకిట్ల నిలవడ్డది. గాజుల సప్పుడు ఏరుగ, అడుగుల సప్పుడు ఏరుగ. ఎవరి సంకల పిల్లనో ఒకటి దగ్గుతున్నది. ఆ పిల్లకు ఈ యేడే పెండ్లయింది, అదే వాకిట్ల తిరుగుకుంట తన దగ్గు తనే ఇన్నది. సత్యవ్వ చెవి కిటికీ దిక్కు తిప్పింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నది. నేనే అన్నట్టు.

అప్పుడు పాట నడుమల, ఊపిరి పీల్చుకునే సందుల, ఇంకో గొంతు వచ్చింది. క్యాసెట్‌ల ఇన్నేండ్లు దాసుకున్న గొంతు, చిన్న ప్లేయర్‌ల ఎన్నడు బయటవడలే. ఇప్పుడు చెవుల చెప్పినట్టు సాఫ్‌గ వచ్చింది.

“పాట గింత సాగదీస్తది గని, ఈమె సత్తుపిండిల చక్కెరనే ఉండది సూడు.”

అది పక్కింటి రాజక్క గొంతు. రాజక్క ఇక్కడనే ఉన్నది, చప్పట్లు కొట్టుకుంట తిరుగుతున్నది. చేతులు ఆగినయ్. ఆడోళ్ళందరు ఆగిండ్రు. పాట ఒక్కటే నడుస్తున్నది.

“నేను కాదు గది,” అన్నది రాజక్క. “గీ మిషిన్లు ఉన్నయి లేనియి చెప్తయ్.”

గడప కాడికెళ్ళి గరగర మని ఒక సప్పుడు వచ్చింది. ఎండిపోయిన బావిల గిరక తిరిగినట్టు. ఈసారి సత్యవ్వ ఎనకకు తిరిగి చూడలే.

“చక్కెర ఏసిన,” అన్నది.

విఠల్ చెయ్యి బటన్ మీదనే ఉన్నది. గీత నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

“ఏసిన,” అన్నది సత్యవ్వ మల్ల, లేచి మెట్లు దిగుకుంట. “అప్పుడు నీకు జరం. నీ నాలుకనే చేదున్నది.”

“జరమేడిది సత్యక్కా, ఆ యేడు నేను రాయి అసొంటి దాన్ని.”

“దవాఖానకు నేనే తోల్కపోతిని కద నిన్ను.”

ఇద్దరు గట్లనే కొట్లాడుకుంట బతుకమ్మ సుట్టు తిరుగవట్టిరి. మిగతా ఆడోళ్ళు ఎనుక కలిసిండ్రు. స్పీకర్ల సత్యవ్వ పాడుతున్నది, వాకిట్ల సత్యవ్వ తిడుతున్నది. అందరు తిరుగుతున్నరు.

నరేశ్ వచ్చి కిటికీ కాడ నిలవడ్డడు. “వెలుగుదైతే ఇంకా సాఫ్‌గ ఇనవడుతుండె అన్నా. ఏదది?”

విఠల్ ఇనవడనట్టే డబ్బల దిక్కు మళ్ళిండు. ఆ మాట రాగి వల్లనే ఇనవడ్డదా, చిన్నయ్య గీకిన కాడి నుంచి బయటికొచ్చిందా, ఏ వైరైనా వచ్చేదేనా, ఆయనకు సమజ్ అయితలేదు. తల డబ్బల ఎనుకకు పెట్టి టేప్ సుట్టిన కాడ ఏలుతోని ఒత్తి చూసిండు. పాట మారలే. ఇడిసిండు. అప్పుడు సుత మారలే.

కిటికీల సత్యవ్వ మొకం కనవడ్డది, చెమటలు కారుకుంట.

“ఒరే, మొదటికెళ్ళి పెట్టు,” అన్నది ఆ గరగర గొంతుతోనే. “అది ఇంకేమేమన్నదో ఇనాలె.”