పందుల అధికారి జోథమ్

వెస్ట్ హార్లోలో మార్చి నెల ఊరి సభంటే బురదా, నవ్వులూనూ. ఆ ఏడు పెళ్ళయిన మగాణ్ణి పందుల అధికారిగా ఎన్నుకోవడం వెర్మాంట్ రైతులకి తాతలనాటి సరదా. పెళ్ళికొడుకు సిగ్గుపడి, అందరికీ ఆపిల్ సారా పోయించి, ఆ సంగతి మర్చిపోవాలి. అదీ మర్యాద.

నలభై ఆరేళ్ళకి కెజాయాని చేసుకుని ఈసారి ఎన్నికైన జోథమ్ పెటింగిల్‌కి ఆ మర్యాద తెలిస్తేగా! మర్నాడే నాగలి వదిలేసి తాడు పట్టుకు బయల్దేరాడు. నేల తవ్వకుండా ముక్కుకి వేసే రింగు లేని పంది వీధిలో కనబడితే చాలు, బందెలదొడ్లోకి తోలేసేవాడు. పాస్టరుగారి పందినీ వదల్లేదు.

"ఒరే జోథమ్, అది వేళాకోళంరా!" అని సభాపెద్ద గోడార్డ్ నెత్తి బాదుకున్నాడు.

"చట్టంలో అలా రాసిలేదన్నా."

ఓ రోజు కెజాయా పుట్టింటినుంచి తెచ్చుకున్న ముద్దుల పంది డోర్కస్ పెరటి కంచె దూరి వీధిన పడింది. దాన్నీ ఈడ్చుకుపోయాడు.

"కట్టుకున్నదాని పందిని కూడానా? ఏం మనిషివయ్యా నువ్వు?"

"నీ నా అని చూస్తే ఉద్యోగమెలా చేస్తానే?"

ఆవిడ జరిమానా కట్టి దాన్ని విడిపించుకొచ్చి, ఆ రాత్రినుంచి పందితోనే మాట్లాడేది.

పొమ్మనలేక పొగబెడతారంటారు. వీళ్ళు పల్లకీ ఎక్కించారు. సెప్టెంబరులో ఊరంతా ఒక్కటై జోథమ్‌ని రాజధాని మాంట్‌పీలియర్‌లోని శాసనసభకి పంపేసింది. అక్కడాయన ఊరుకున్నాడా? రాష్ట్రంలో ప్రతి పందికీ రింగుండాలని చట్టం తెచ్చాడు. ఆ దెబ్బకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ లబోదిబోమన్నాయి.

పాపం, ఆయనకి మాత్రం అద్దెగదిలో నిద్ర పట్టేది కాదు. కెజాయా కాల్చే మొక్కజొన్న రొట్టె గుర్తొచ్చి కళ్ళు చెమర్చేవి. ఇక చాలు, ఇంటికి పోవాలనుకున్నాడు.

ఊరు చేరేసరికి చర్చిలో చుట్టుపక్కల ఊళ్ళ జనం కూడా కిక్కిరిసి ఉన్నారు. ఇంకా దూరం, వాషింగ్టన్‌లోని దేశసభకి పంపడానికి అభ్యర్థి కావాలట. అందరి నోటా ఒకటే పేరు.

"నాకొద్దు బాబోయ్! నా చేను, నా కెజాయా చాలు," అన్నాడు జోథమ్. జనం వింటేనా! చివరికి, "మీలో ఒక్కరు కాదన్నా ఇంటికెళ్ళిపోతాను," అన్నాడు.

"కాదనేవాళ్ళు?" అన్నాడు గోడార్డ్.

జోథమ్ వెనక్కి తిరిగాడు. అక్కడ బల్లమీద ఆడవాళ్ళు ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన రొట్టెలు కోస్తున్నారు. వాళ్ళలో కెజాయా ఉంది. కాదని ఒక్క మాట అను, తల్లీ, అన్నట్టు చూశాడు. ఆవిడ కత్తి తుడుచుకుంటోంది.

"సరే, ఔననేవాళ్ళు?"

కప్పు అదిరింది. ఆ హోరు సద్దుమణిగాక, రొట్టెల బల్ల దగ్గర్నుంచి ఒక్క గొంతు, కాస్త ఆలస్యంగా, చాలా స్పష్టంగా, "ఔను" అంది.

ఆడవాళ్ళకి ఓటు లేదు గనక గోడార్డ్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జోథమ్ విన్నది అదొక్కటే.