రుచి చూడని వంట

“సింపుల్ సైడ్ డిష్ ఉదయా. నాలుగు కూరగాయ ముక్కలు, కాస్త నూనె. దానికింత మొహం పెడతావేం?”

వీడియో లింకు పంపించి, పంపించిన సంగతి చెప్పడానికి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు మా ఆయన ప్రసన్నకుమార్. లోపలికి మాత్రం రాలేదు. మే నెలలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, పై అంతస్తు వంటింట్లోకి బుద్ధున్నవాడెవడూ రాడు. శనివారం మధ్యాహ్నం వాళ్ల మేనేజర్ చక్రపాణి గారు భోజనానికి వస్తున్నారు. ఇటలీ వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆయన ఆఫీసులో అక్కడి తిండి కబుర్లే చెబుతున్నారట. వంకాయ, క్యాప్సికం, జుకినీ, టమాటా ముక్కల్ని ఆలివ్ నూనెలో మగ్గబెట్టి, ఎండాకాలం కదా, చల్లారాక తింటారట. అది మన ఇంట్లో వండి పెడితే ఆయన ఈ ఇంటినీ మరచిపోరు, ప్రమోషన్‌నీ మరచిపోరు. అదీ మా ఆయన ఆశ.

“శనివారం ఎల్బీనగర్‌లో నాకు స్కాన్ ఉంది కదండీ,” అన్నాను.

“ఫోన్ చేసి వచ్చే వారానికి మార్చుకో. ముక్కు ఎక్కడికీ పారిపోదుగా.”

మార్చుకుంటానన్నాను. ఎందుకో చెయ్యి రాలేదు, ఫోన్ చేయలేదు. ముక్కు ఎక్కడికీ పారిపోలేదు నిజమే, పారిపోయింది వాసన. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గింది, దాంతోపాటే వాసనా పోయింది, రుచీ పోయింది. కాఫీ వేడిగా ఉంటుంది, పెరుగన్నం చల్లగా ఉంటుంది, నాకు తెలిసేది అంతే. చెమట కంపు కొడుతున్నానేమోనని రెండేసిసార్లు స్నానం చేసి మరీ క్లాసు చెప్పడానికి వెళతాను. “ఇన్ని నెలలైనా రాలేదంటే లోపల ఏముందో చూడాలి. వాయిదా వేయొద్దు,” అంది డాక్టరమ్మ. ఆడపడుచు వచ్చిందని ఒకసారి వాయిదా వేశాం. ఇప్పుడు చక్రపాణి గారు. లోపల ఏముందో అన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. మొదట్లోనే ప్రసన్నకు చెప్పాను, అన్నం కూడా మట్టిలా ఉంటోందని. ఫోన్లోంచి తలెత్తకుండా, “వండేదానివి, నీకెందుకు రుచి? రుచి చూసేవాళ్లం మేమున్నాంగా,” అన్నాడు. జోకట. అత్తగారు కూడా నవ్వారు. ఆవిడ దృష్టిలో నాది వదలని జలుబు.

ఎవరూ పట్టించుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా అత్తగారు ఇందిరాదేవి గారు గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చి పాతికేళ్లయినా తన మడి వదల్లేదు. ఈ ఇంట్లో వండే మనిషి రుచి చూడకూడదు. దేవుడికి నైవేద్యం కాకముందు నాలుక మీద చుక్క పడితే వంటంతా ఎంగిలే. పెళ్లైన కొత్తలో చారు చుక్క అరచేతిలో వేసుకున్నానని గిన్నె మొత్తం సింకులో పోయించారు. అప్పటి నుంచీ నా వంటంతా కంటితోనూ చేతితోనూ. పప్పుకి ఎంత ఉప్పో వేళ్లకు తెలుసు, పోపు వేగిందో లేదో చిటపటలే చెబుతాయి. అందుకే నా నాలుక చచ్చిపోయినా వీళ్ల భోజనానికి ఏ లోటూ రాలేదు. ఈ ఏటి ఆవకాయ కూడా అలాగే కలిపాను. “అబ్బ, ఈసారి అదిరిందే!” అన్నారు అందరూ. కొత్త ఆవకాయ వాసన తెలియక నేను జాడీ ముందు కూర్చుని ఏడిస్తే, ఆవఘాటు అనుకున్నారు.

శనివారం పొద్దున అత్తగారు జుకినీని అటూ ఇటూ తిప్పి చూశారు. “కీరదోసా కాదు, బీరా కాదు. దీన్ని పెట్టి మనిషిని పంపిస్తామా? పప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు, పాయసం కూడా చెయ్.” సింపుల్ సైడ్ డిష్ పక్కన ఒక పెళ్లి భోజనం! బేసిల్ ఆకు దొరకలేదంటే, “తులసే కదా, కోటలోంచి నాలుగాకులు కోసెయ్,” అన్నాడు ప్రసన్న. “తులసమ్మను వంకాయలో వేయిస్తుందటరా నీ పెళ్లాం!” అన్నారు అత్తగారు. అన్నది కొడుకు, పడ్డది నేను.

వంకాయ, క్యాప్సికం, జుకినీ విడివిడిగా వేయించి పెట్టుకున్నాను. ఈ కూరకి ఎంత ఉప్పో నా చేతికి తెలియదు. వీడియోలో ఆమె మాటిమాటికీ గరిటె నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, “ఉప్పు మీ రుచికి తగ్గట్టు,” అంటోంది. నా రుచికి తగ్గట్టు! ఈ స్టవ్ మీద ఒక్కటంటే ఒక్క వంటకం నా రుచికి తగ్గట్టు వండానా అని వెతుక్కుంటే ఏదీ గుర్తు రాలేదు. ఆలోచిస్తూ, చెమట తుడుచుకుంటూ, గట్టు దగ్గర టమాటాల తొక్క తీస్తున్నాను. నా వెనక సన్నటి సెగ మీదున్న పులుసు పొంగి మంట ఆరిపోయింది. నేను చూడలేదు. తొక్క తీసి, మూకుడు మళ్లీ స్టవ్ మీదికెక్కించి, లైటర్ తీసుకున్నాను.

“అక్కా! ఆగు! ముట్టియ్యకు!”

కింద ఉండే గీత, ఇంటి ఓనర్ల కోడలు. డాబా మీద బట్టలు తీయడానికి వెళుతున్నదల్లా లోపలికి ఉరికొచ్చి, నా చేతిలో లైటర్ లాక్కుని, సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచింది.

“ఏందక్కా, మెట్ల కాడికే గింత గ్యాస్ వాసన ఒస్తున్నది. నీకు తెలుస్తలేదా?”

నేను కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతాను. వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు, లీకైతే మనుషులకు తెలియాలని కలుపుతారు అని ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. ఆ నోటితోనే, “తెలియట్లేదు గీతా. చలికాలం నుంచీ నాకు ఏ వాసనా తెలియదు,” అన్నాను.

బాల్కనీలో పూలు కడుతున్న అత్తగారూ, ఏసీ గదిలోంచి ప్రసన్నా వచ్చారు. నీకేమైనా అయిందా అని ఎవరూ అడగలేదు. అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

“ఏ వాసనా తెలియదా? అయితే ఇన్నాళ్లూ మాకేం పెట్టావే?”

“సర్లే అమ్మా, ఏం కాలేదుగా,” అన్నాడు ప్రసన్న, ఫోన్ చూసుకుంటూ. “ఆయన బయల్దేరారట. కానివ్వు ఉదయా.”

“ఏం గాలేదా అన్నా? జరైతే ఇల్లు లేసిపోతుండె!” అంది గీత.

గాలి బాగా ఆడాక స్టవ్ వెలిగించి, టమాటాలు మగ్గబెట్టి, ముక్కలన్నీ కలిపి దించాను. చెయ్యి ఉప్పు డబ్బా దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. చెంచాడు తీసుకుని, దేవుడికి పెట్టకముందే, అత్తగారి ఎదురుగానే నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా ఉంది. వేడిగా ఉంది. ఇంకేమీ లేదు.

“ఎంగిలి చేసేశావ్!” అని కేక పెట్టారు ఆవిడ.

“అవునత్తయ్యా,” అన్నాను.

చేతులు కడుక్కున్నాను. హ్యాండ్‌బ్యాగూ డాక్టర్ ఫైలూ తీసుకున్నాను. “నేనొస్త పా అక్కా, మెట్రో దాంక,” అంటూ గీత చెప్పులేసుకుంది. వెనక నుంచి ప్రసన్న పిలుస్తూనే ఉన్నాడు.

రైలు చైతన్యపురి దాటుతుండగా ఫోన్ మోగింది. “ఎక్కడున్నావ్? ఆయనొచ్చేశారు!” గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. “ఆ ఇటాలియన్ దాంట్లో ఉప్పేశావా, లేదా?”

“రుచి చూడండి,” అన్నాను. “రుచి చూసేవాళ్లు మీరున్నారుగా.”