మేష్టారి కంపెనీ మాత్ర

పొద్దున్నే మేష్టారు పేపరు మీంచి కళ్ళు తీయకుండానే చెయ్యి చాస్తారు. ఆయన భార్య ఆ అరచేతిలో బీపీ మాత్ర పెట్టి, గోరువెచ్చని నీళ్ళు అందించి, "వేసుకున్నారా?" అని అడిగి, ఆయన గుటక వేశాకే కదులుతుంది. భార్యాభర్తలిద్దరికీ బీపీయే, డాక్టరమ్మ రాసిందీ ఒకటే మందు. కాకపోతే ఆయనకి పేరున్న కంపెనీది కావాలి. "చవకరకంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటామా?" అంటారు. ఆవిడ తనకి జెనెరిక్ షాపులోది కొనుక్కుంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు చవగ్గా బతకాలి కదా!

ఆమధ్య షాపులో ఆయన కంపెనీ సరుకు రాలేదు. డాక్టరమ్మకి ఫోను చేస్తే, "రెండింట్లోనూ ఒకటే మందు, వాడండి," అంది. నాలుగు రోజులు సర్దుదామని ఆవిడ, ఆయనకి చెప్పకుండా తన షీటులోంచే తీసిచ్చింది. అలా అలా నెలలు గడిచిపోయాయి. దొరికిపోతానన్న బెంగ లేదు. ఆయన మాత్ర మొహం చూస్తే కదా! పెళ్ళయినప్పట్నుంచీ ఒక్క షీటు చించి ఎరగరు. మంచి మనిషే పాపం. ఆవిడ తుమ్మితే చాలు, కంగారు పడిపోతారు. ఆ కంగారు తగ్గడానికి కాఫీ కూడా ఆవిడే పెట్టివ్వాలి.

ఇద్దరూ కలిసి పరీక్షకి వెళ్ళారు. ఆయన బీపీ నిక్షేపంలా ఉంది. ఆవిడది చూసి డాక్టరమ్మ చేతి పట్టీ విప్పి మళ్ళీ చుట్టింది. "ఇలాగే ఉంటే పక్షవాతం రావచ్చమ్మా," అంది.

మేష్టారి మొహం పాలిపోయింది. "నెత్తీనోరూ కొట్టుకున్నా వినదండీ! ఇవాళ్టి నుంచి నా కంపెనీ మందే నువ్వూ వేసుకో." ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనదని తెలుసు కాబట్టే ఆవిడ ఇక దాచలేకపోయింది.

"ఇన్ని నెలల్నుంచీ మీరు వేసుకుంటున్నదీ నాదేనండీ."

మేష్టారు ఆవిడ వైపు తిరిగారు. "మరి నాకు తగ్గి, నీకెందుకు తగ్గలేదూ?"

"రోజూ వేసుకుంటున్నారా?" డాక్టరమ్మ ఆవిణ్ణి అడిగింది.

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని గట్టుమీద వదిలేసిన మాత్ర, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తడిసి ముద్దయి కనిపించేది. బస్సులో వేసుకుందామని సంచిలో పడేసుకుంటే, నీళ్ళ సీసా ఇంట్లోనే ఉండిపోయేది. ఎవరికి ఏ పూట ఏది కావాలో ఆవిడకి కంఠతా వచ్చు, తన సంగతి తప్ప. తన మీద తనకే జాలేసింది, ఒళ్ళూ మండింది.

"ఆయనకి నేను అందిస్తాను డాక్టరమ్మా. నాది నాకు గుర్తుండదు."



మర్నాడు పొద్దున్న ఆవిడ పేపరు తీసుకుని ఆయన కుర్చీలో కూర్చుంది. చెయ్యి చాచింది.

మేష్టారు వంటింట్లోకి వెళ్ళారు. సొరుగులు లాగిన చప్పుడు, ఏదో డబ్బా దొర్లిన చప్పుడు. "ఎక్కడ పెడతావే?"

"వెతకండి." లేవమని కాళ్ళు లాగేస్తున్నా ఆవిడ లేవలేదు.

చివరికి చొక్కా మీద సగం నీళ్ళు ఒలకబోసుకుని వచ్చారు. నీళ్ళు మరీ వేడి. ఆవిడ ఊదుకుంటూ మాత్ర మింగింది. ఆయన కదలకుండా అక్కడే నిలబడ్డారు.

"వేసుకున్నావా?"

ఇన్నేళ్ళుగా ఆ మాట తను అడగడమే గానీ, తనని అడిగినవాళ్ళు లేరు. ఆవిడకి అక్షరాలు మసకబారాయి.

"రేపూ అడగండి," అంది, పేపరు మీంచి కళ్ళు తీయకుండానే.