బండి మీద మగ్గం

మూడో కండె సగం నిండేసరికి కౌసల్యమ్మ మోకాలు పట్టేసింది. రాట్నం ఆపకుండానే కాలు చాపుకుని, నూలు పోగును ఎడమచేతి వేళ్ల మధ్య సరిచేసుకుంది. ఆ పోగు ఒరుసుకుని ఒరుసుకుని చూపుడువేలి మీద గీత పడింది. నలభై ఏళ్లు ఆమె కండెలు చుట్టింది, భర్త నాగేశం వాటిని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి నేశాడు. రెండేళ్ల కింద అతను గుండెనొప్పితో దవాఖానలో పడ్డాక మగ్గం ఆగిపోయింది.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. సమ్మె మొదలై మూడు వారాలు. బస్సులు లేవు, సర్కారు కచేరీలు తెరవడం లేదు. తెలంగాణ కోసం సిద్దిపేటలో శకటాల ఊరేగింపు పెట్టారు. ఒక ట్రాక్టరు ట్రాలీలో చెక్కలు పేర్చి మగ్గం నిలబెట్టారు. దాని మీద కూర్చోవలసింది నాగేశం.

సమ్మెలో ఉన్న బడి పంతులు మైసయ్య పిలవడానికి వచ్చి, కండెలు చూసి నవ్వాడు.

"ఇవెందుకే నాగేశన్నా? ఉత్త నాడె ఆడిస్తే సాలు. ఎవలు సూస్తరు?"

"ఉత్త నాడె సప్పుడు వేరే ఉంటది పంతులూ. సూసెటోళ్లల్ల నేసెటోళ్లు ఉండరా?"

"గుంతల తొవ్వల బట్ట సక్కగొస్తదా మల్ల?"

"ఎట్లొస్తే అట్లనే రానియ్యి."

"ఆయాసమొస్తే ఆపు," అంది కౌసల్యమ్మ. "నీ మొండితనం మార్కండేయునికే ఎరుక."

నాగేశం కండెలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కోడలు స్వరాజ్యలక్ష్మితో, మనవరాలు సాయిసుధతో కలిసి ఆమె పాత బస్టాండు మూలకు నడిచింది. చేతిలో సత్తుపిండి డబ్బా.

"నాయినమ్మా, తాత మనల సూస్తడా?"

"సూడడు బిడ్డా. మగ్గం మీద కూసుంటే ఆయినకు ఎవలు కనవడరు."

పెళ్లయిన కొత్తలో మంచినీళ్ల చెంబుతో మగ్గం పక్కన నిలబడితే, "తలెత్తితే పోగు తప్పుతది. ఆడ పెట్టు," అన్నాడు. ఆమె అక్కడే పెట్టింది. ఆనాటి నుంచి అక్కడే పెడుతూ వచ్చింది. తన తండ్రి పోయిన కబురు కూడా అతని వీపుకే చెప్పింది. చెడ్డవాడు కాడు, ఒక్క మాట అనలేదు. పనిని దేవుడిలా చూసుకునేవాడు. దేవుణ్ని మొక్కేవాడు మనిషి వంక ఒకసారి చూస్తే దోషమా అని ఆమె దీపం ముందు ఎన్నోసార్లు అనుకుంది. మగ్గం మీద నుంచి ఒక్కసారి అతను తనను చూడాలని ఆమె కోరిక. ఎవరికీ చెప్పుకోదగినది కాదు.

ముందు తంగేడు పూల బతుకమ్మ శకటం వచ్చింది. వెనుక జెండాలతో పిల్లలు. ఆ తర్వాత మగ్గం. ముందు బండి ఎక్కడో ఇరుక్కోవడంతో ట్రాక్టరు సరిగ్గా వాళ్ల ఎదుట ఆగింది. దారి పొడుగునా అది ఆగింది అక్కడొక్కచోటే.

ఇంట్లో గోడవైపు తిరిగి ఉండే ఆ ముఖాన్ని నేసేటప్పుడు ఎదురుగా చూడడం ఆమెకు అదే మొదటిసారి. కింది పెదవి పంటితో పట్టి ఉంది. చెమట ముక్కు కొనకు వచ్చి నిలిచింది. కళ్లు నాడె వెంట అటూ ఇటూ కదులుతున్నాయి.

"తాతా," అని సాయిసుధ రెండుసార్లు అరిచింది. జనం అడ్డం వచ్చి తాత కనబడక ఏడుపు మొదలుపెట్టింది. కౌసల్యమ్మ వంగి పిల్లను చంకనెత్తుకుని లేచేసరికి బండి కదిలిపోయింది.

"తాత సూడలే," అంది పిల్ల.

"చెప్పిన గదనే," అంది కౌసల్యమ్మ.

పొద్దుగూకే ముందు నాగేశం ఇంటికి వచ్చాడు. సత్తుపిండి రెండు ముద్దలు తిని, "జర ఒరుగుత," అన్నాడు. ఆమె దీపం పెట్టి లేపబోతే లేవలేదు.

దినాలు అయ్యాక మైసయ్య మగ్గం మీది గుడ్డను కోసి తెచ్చి ఇచ్చాడు. మూరెడు కూడా లేదు. కౌసల్యమ్మ దాన్ని ఒడిలో పరిచి వేలితో తడుముతూ పోయింది. పోగులు వదులై వంకర పోయినచోటల్లా గుంతలు. ఒక పక్కకు లాగినట్టున్నది మలుపు. ఆ తర్వాత బెత్తెడు గుడ్డ గట్టిగా, నున్నగా, ఇంట్లో నేసినట్టే ఉంది. బండి ఆగింది ఇక్కడే.

ఆ నున్నని గుడ్డ నడుమ వేలు ఆగింది. ఆమె గుడ్డను వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టింది. అక్కడ ఒక్క పోగు తప్పి ఉంది. వెంట్రుకంత సందులోంచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఎండ కనబడుతోంది.