మెడలో టేపు

శనివారం పొద్దున్నుంచీ దర్జీ ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. వెనకే ఆవిడ కుక్క గుండుసూది. ఏడాదిన్నర వయసు, టెర్రియర్ జాతి. మూరెడు ఒళ్ళు, బారెడు గొంతు. ఆవిడ కుట్టుకొట్టుకి బయల్దేరగానే మొదలుపెట్టిన ఏడుపు, తిరిగొచ్చి తాళం తీసేదాకా ఆపడు. పై వాటా ఇంటావిడ నిన్న గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పేసింది.

"ఆదివారం దాకా చూస్తానమ్మా. ఈలోగా దాని నోరన్నా మూయించు, దాన్నన్నా పంపించెయ్. నీ మీద నాకు కోపం లేదు గానీ, తల పగిలిపోతోంది."

ఆవిడన్న దాంట్లో తప్పు లేదు. అదే బాధ. ఎదుటివాళ్ళది తప్పయితే పోట్లాడైనా తృప్తి పడొచ్చు.

పంపించెయ్యడమంటే వచ్చిన చోటికే, ఊరి చివర కుక్కల ఆశ్రమానికే. అక్కడ ఎవరూ తీసుకెళ్ళక ఆర్నెల్లు గోడవైపు తిరిగి కూర్చున్నవాణ్ణి బతిమాలి తెచ్చుకుంది. మళ్ళీ అక్కడే వదిలి రావడం ఆవిడ వల్ల కాదు.

"వాడికో తోడు తెచ్చెయ్ అక్కా" అన్నాడు ఆమధ్య తమ్ముడు ఫోన్లో.

"తోడొస్తుందో, వంత పాడేదొస్తుందో! రెండూ కలిసి కచేరీ పెడితే?"

"పై ఆవిడ టిక్కెట్టు కొనుక్కుంటుందిలే."

తమ్ముడికేం, ఎన్నయినా చెప్తాడు. వాడు పెంచేది చేపల్ని.

తోడు కోసం వాణ్ణి వెంటబెట్టుకుని ఆశ్రమానికెళ్ళడం ఇది మూడోసారి. మొదటిసారి వాడి ఈడు మగకుక్కని చూపిస్తే గుండుసూది దాని చెవి పట్టుకున్నాడు. రెండోసారి మచ్చల ఆడకుక్క. నోరెత్తని సాధుజీవి. దాని మీదా పళ్ళు నూరాడు. ఇవాళ కూడా తేలకపోతే రేపటితో గడువు సరి.

"కుర్రాడికి కుర్రతోడే ఉండాలనేం లేదు" అంటూ ఆశ్రమం పెద్దాయన లోపల్నుంచి ఓ ముసలి కుక్కని తీసుకొచ్చాడు. పేరు బామ్మ. మూతి నెరిసింది, వెనక కాలు కొంచెం కుంటు. మెల్లగా వచ్చి, ఓసారి వాసన చూసి, నాకేం తొందర్లేదన్నట్టు కూర్చుంది.

గుండుసూది గజగజ వణుకుతూ గుర్రుమన్నాడు. అయిపోయింది, ఇదీ కుదర్లేదు. దర్జీ ఆవిడ గేటు వైపు తిరిగింది.

పెద్దాయన మాత్రం కదలకుండా వాడినే చూస్తున్నాడు. "అమ్మా, వీడు కుక్కని చూడట్లేదు. నీ మెడ చూస్తున్నాడు."

ఆవిడ మెడ తడుముకుంది. కొలతల టేపు. ఇంట్లో తలుపు పక్క మేకుకి తగిలించి ఉంటుంది. గుమ్మం దాటేముందు తీసి మెడలో వేసుకోవడం పదేళ్ళ అలవాటు. ఉందన్న సంగతే ఆవిడకి తెలీదు.

"ఇది వేసుకుని ఎక్కడికెళ్తావు?"

"కొట్టుకి. వీణ్ణి ఇంట్లో వది..."

ఎంత పని చేసింది! టేపు మెడలో పడిందంటే అమ్మ వదిలేసి పోతుందని వాడి లెక్క. ఆ టేపుతోనే మూడుసార్లు వాణ్ణి ఈ గేటు లోపలికి తెచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాడంతే, పిచ్చి సన్నాసి.

ఆవిడ టేపు తీసి నేలమీద పడేసింది. గుండుసూది దాన్ని వాసన చూశాడు, కాలితో గీరాడు, చివరికి దాని మీదే పడుకున్నాడు. బామ్మ కుంటుకుంటూ వచ్చి రెండో కొసన గడ్డం ఆనించింది. ఈసారి ఎవరూ గుర్రుమనలేదు.

ఆదివారం పొద్దున్న ఆవిడ టేపుని ఆ ఇద్దరికే వదిలేసి, తలుపు వేసి, మెట్ల దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. పై వాటా కిటికీ తెరుచుకుంది. పావుగంటయింది. చప్పుడు లేదు. మొదట సంతోషమేసింది, తర్వాత భయమేసింది. ఏమైనా కరుచుకున్నారా? టేపేమైనా మింగాడా? ఉండబట్టలేక తలుపు తీసింది.

చాప మీద బామ్మ, దాని పొట్టకి వీపానించి గుండుసూది. రోజూ ఎగిరి గుండెల మీదకొచ్చేవాడు, ఇవాళ ఒక కన్ను తెరిచి ఆవిణ్ణి చూశాడు. తోక రెండుసార్లు ఆడించి, మళ్ళీ నిద్రపోయాడు.

అమ్మయ్య అనుకుంది. అనుకుంటూనే గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పై వాటా ఇంటావిడ గబగబా మెట్లు దిగొచ్చింది.

"అది మానేసిందనుకుంటే, ఇప్పుడు నువ్వు మొదలుపెట్టావా తల్లీ?"